పనే మందు

"కాలూ చేయీ ఆడుతున్నంత వరకు ఎవరికీ భారం కాకుండా బతికితే అంతే చాలు." మన ఇళ్లలో పెద్దలు తరచుగా అనే మాట ఇది. వారు కోరుకునేది ఆస్తి కాదు, అధికారం కాదు. తెల్లవారి లేచి తమ ముఖం తామే కడుక్కోవాలి. తమ బట్ట తామే కట్టుకోవాలి. తమ ముద్ద తామే నోట పెట్టుకోవాలి. చేతనైన పని చేస్తూ నలుగురిలో ఒకరుగా మెలగాలి. ఇంతే వారి కోరిక.

ఇవన్నీ చేసుకోగలిగినన్నాళ్లు ఇవి పనులని కూడా మనకు తోచదు. చొక్కాకు బొత్తాం పెట్టుకున్నానని ఎవరైనా గొప్పగా చెప్పుకుంటారా? కాని ఒక ప్రమాదం జరిగినప్పుడు, ఒక జబ్బు చేసినప్పుడు, వయసు మీద పడినప్పుడు ఆ చిన్న బొత్తామే కొండంత అవుతుంది. అలాంటి వేళ, తన పనులు తాను చేసుకునే శక్తిని మనిషికి తిరిగి సంపాదించి పెట్టే వైద్యవిద్య ఒకటి ఉంది. దానిని ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. తెలుగులో వృత్తి చికిత్స అనవచ్చు.

వృత్తి అనగానే మనకు నేత, వడ్రంగం, కుమ్మరం వంటి జీవనోపాధులు గుర్తుకు వస్తాయి. ఈ చికిత్సలో ఆ మాటకు ఇంకా విశాలమైన అర్థం ఉంది. మనిషి తన రోజును దేనితో నింపుకుంటాడో అదంతా వృత్తే. పసిపిల్లల వృత్తి ఆట. విద్యార్థి వృత్తి చదువు. తల్లి బిడ్డకు నీళ్లు పోయడం, తాత అంగడికి వెళ్లి కూరగాయలు తేవడం, కార్మికుడు మగ్గం నడపడం అన్నీ వృత్తులే. ఇతర వైద్యులు మాత్రలతో, సూదిమందులతో, శస్త్రచికిత్సతో జబ్బును ఎదుర్కొంటారు. వృత్తి చికిత్సకుడు పనినే మందుగా వాడతాడు. రోగి ఏ పని చేయలేకపోతున్నాడో ఆ పని చేయగలగడమే ఇక్కడ గమ్యం. ఆ గమ్యానికి చేర్చే దారి కూడా పనే.

దీనికి తోడబుట్టువు వంటి విద్య ఫిజియోథెరపీ. అది ముఖ్యంగా కీళ్ల కదలికను, కండరాల బలాన్ని, నడకను చక్కబరుస్తుంది. అలా వచ్చిన బలాన్ని అన్నం తినడానికి, రాయడానికి, పనికి వెళ్లడానికి ఎలా వినియోగించుకోవాలో వృత్తి చికిత్స నేర్పుతుంది. చాలా ఆసుపత్రులలో ఈ ఇద్దరూ కలిసి పనిచేస్తారు.

ఈ విద్య అవసరం ఎంతటిదో తెలుసుకోవడానికి మహారాష్ట్రలోని భివండి పట్టణాన్ని మించిన ఉదాహరణ అక్కరలేదు. థాణే జిల్లాలోని ఈ పట్టణం దేశంలోని పెద్ద మరమగ్గాల కేంద్రాలలో ఒకటి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వంటి ప్రాంతాల నుండి ఎందరో పద్మశాలీలు బతుకుదెరువు కోసం షోలాపూర్‌కు, ముంబయికి, భివండికి తరలివచ్చారు. భివండిలోని పద్మనగర్ వీధులలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. ఇక్కడివారు మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచాల చప్పుడు నడుమనే పిల్లలు పెరుగుతారు. పడుగు, పేక, నాడె, కండె అనే మాటలు వారికి అక్షరాలకంటె ముందే వస్తాయి.

నేతగాడి సంపద అతని చేతులే. ఒక కార్మికుణ్ణి ఊహించుకుందాం. నడుస్తున్న సాంచాలో అతని కుడిచేయి పళ్లచక్రాల మధ్య ఇరుక్కుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లారు. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయుబంధనాలు తెగిపోతే శస్త్రవైద్యులు వాటిని కలిపి కుట్టారు. చేయి దక్కింది. ఇంటివారు ఊపిరి పీల్చుకున్నారు. కాని అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

ఇల్లు చేరిన కార్మికుడు భయంతో ఆ చేతిని గుడ్డలో చుట్టి గుండెకు ఆనించుకుని కూర్చుంటాడు. "కదిలించవద్దు, కుట్లు విడిపోతాయి" అని అందరూ అంటారు. రోజులు గడిచేకొద్దీ కుట్టిన చోట కండ అతుక్కుపోతుంది. కీళ్లు బిగుసుకుపోతాయి. కొన్ని నెలలకు వేళ్లు వంగవు, విప్పుకోవు. ఈ నష్టం ప్రమాదం వల్ల జరిగింది కాదు, కదలిక లేకపోవడం వల్ల జరిగింది. అలాగని తొందరపడి బరువులెత్తితే కుట్టిన స్నాయుబంధనం మళ్లీ తెగుతుంది. ఎప్పుడు, ఎంత, ఎలా కదిలించాలో తెలిసినవారు దగ్గర ఉండాలి. ఆ తెలిసినవారే వృత్తి చికిత్సకులు.

వారు మొదట వేడినీళ్లలో మెత్తబడే ఒక రకం ప్లాస్టిక్ రేకును రోగి చేతికి సరిపడేలా మలచి స్ప్లింట్ అనే పట్టీని తయారు చేస్తారు. అది కుట్లను కాపాడుతుంది. ఆ రక్షణలోనే వేళ్లను కొద్దికొద్దిగా కదిలిస్తారు. కొన్ని వారాల తరువాత మెత్తని పిండిని పిసకడం, గిన్నెలోని శనగలను ఒక్కొక్కటిగా ఏరడం, బట్టల క్లిప్పులను తీగకు పెట్టడం వంటి పనులు ఇస్తారు. బరువైన పనులకు సాధారణంగా సుమారు 12 వారాలు ఆగవలసి ఉంటుంది. నరం తెగి ఉంటే ఇంకా ఓపిక కావాలి. నరం రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. అంతవరకు వేళ్లకు వేడి, చల్లన తెలియవు. కాబట్టి పొయ్యి దగ్గర ఆ చేతిని కంటితో కాపాడుకోవాలని, నీళ్ల వేడిని రెండో చేత్తో చూసుకోవాలని నేర్పుతారు.

ఈ చికిత్సలో పనిని విడదీసి చూడడం ఒక ముఖ్యమైన మెట్టు. సాంచా మీద తెగిన పోగును అతకడం నేతగాడికి రెప్పపాటు పని. చికిత్సకుడి కంటికి అది ఒక పెద్ద పనుల వరుస. తెగిన చోటును కన్ను గుర్తించాలి. నడుము వంగాలి. భుజం ముందుకు సాగి నిలకడగా ఉండాలి. బొటనవేలి కొన, చూపుడువేలి కొన కలిసి సన్నని పోగును పట్టుకోవాలి. రెండో చేయి మరో కొసను అందుకోవాలి. రెంటినీ మెలిపెట్టి ముడి వేయాలి. వీటిలో ఏది కుంటుపడిందో తెలిస్తే చికిత్స అక్కడ మొదలవుతుంది. ముందు లావుపాటి తాడుతో ముడి వేయిస్తారు. తరువాత పురికొసతో, చివరకు నూలుపోగుతో వేయిస్తారు. మెట్టు తరువాత మెట్టు ఎక్కిస్తూ రోగిని తన పనికి దగ్గర చేస్తారు.

వేళ్లు పూర్తిగా పోయినవారి సంగతి ఏమిటి? పోయిన వేలిని ఏ చికిత్సా మొలిపించలేదు. అయితే మిగిలిన వేళ్లతో పట్టు సాధించవచ్చు. పనిముట్టు పిడిని లావు చేసుకోవచ్చు. సాంచా నడపలేనివారు కండెలు చుట్టడం, నేసిన బట్టను తనిఖీ చేయడం వంటి పనులకు మారవచ్చు. పనిచేసే చోట జరిగిన ప్రమాదానికి పరిహారం కోరే హక్కును 1923 నాటి చట్టం కార్మికులకు కల్పించింది. పరిహారం కొన్నాళ్లు ఇల్లు గడుపుతుంది. తిరిగి పనిలోకి వెళ్లగలగడం మనిషిని నిలబెడుతుంది.

పనికి, ఆరోగ్యానికి ఉన్న ఈ సంబంధాన్ని తన ఒంటి మీదే పరీక్షించుకున్న వ్యక్తి ఒకరున్నారు. ఆయన అమెరికాకు చెందిన జార్జ్ బార్టన్. భవనాల నమూనాలు గీయడం ఆయన వృత్తి. క్షయవ్యాధితో బాధపడ్డారు. కాలిలో కొంత భాగం తీసివేయవలసి వచ్చింది. ఆపైన శరీరంలో ఎడమ భాగం చచ్చుబడింది. ఆయన నిరాశ పడి మంచానికి అంటుకుపోలేదు. తోటపని, వడ్రంగం చేస్తూ చచ్చుబడిన చేతిని మెల్లగా దారికి తెచ్చుకున్నారు. 1914లో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో ఒక ఇంటిని తనవంటి వారికోసం తెరిచారు. 1917లో ఆ ఇంట్లోనే కొద్దిమంది సమావేశమై ఈ విద్య కోసం ఒక సంఘాన్ని స్థాపించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన వేలాది సైనికులకు ఈ విద్య అక్కరకు వచ్చింది.

ఆ రోజులలో ఆసుపత్రులలో చికిత్సకు వాడిన సాధనాలలో ఒకటి చేమగ్గం అంటే నేతగాళ్ల బిడ్డలకు ఆశ్చర్యం కలుగుతుంది. నాడెను విసిరితే భుజం, మోచేయి కదులుతాయి. పన్నెను లాగి కొడితే చేతికి బలం వస్తుంది. కింది చెక్కలను తొక్కితే చీలమండ, మోకాలు పనిచేస్తాయి. అన్నింటికంటె మిన్నగా, సాయంత్రానికి జానెడు బట్ట కంటి ముందు కనబడుతుంది. "ఇది నేను నేసినది" అనుకున్న రోగి మనసులో ధైర్యం పుడుతుంది. మన పెద్దలకు అన్నం పెట్టిన మగ్గమే మరోచోట మందుగా కూడా పనిచేసింది. నేటి చికిత్సలో మగ్గాల వాడకం తగ్గింది. ఇంటిపనులు, బడిపనులు, కొత్త ఉపకరణాలు ఆ స్థానంలోకి వచ్చాయి. కాని సూత్రం మారలేదు.

ఈ విద్య మన దేశానికి వచ్చిన కథలో ముంబయికి మొదటి స్థానం ఉంది. అమెరికాలో పుట్టిన ఎలిజబెత్ లండీ భారతీయుడైన విష్ణు నింబ్కర్‌ను వివాహమాడి కమలా నింబ్కర్‌గా ఈ దేశపు కోడలయ్యారు. ఆమె వృత్తి చికిత్సను అమెరికాలో అభ్యసించి వచ్చి, ముంబయిలోని పరేల్‌లో ఉన్న కె.ఇ.ఎం. ఆసుపత్రిలో 1950లో శిక్షణ పాఠశాలను ప్రారంభించారు. భారతదేశంలో ఈ విద్యకు అదే మొదటి పాఠశాల. 1952లో అఖిల భారత వృత్తి చికిత్సకుల సంఘం ఏర్పడింది. అదే సంవత్సరం 10 దేశాల సంఘాలు కలిసి ప్రపంచ సమాఖ్యగా ఏర్పడినప్పుడు వాటిలో భారతదేశం కూడా ఉంది. 1958లో నాగపూర్‌లోనూ శిక్షణ మొదలైంది. ఈ విధంగా ఈ విద్య మన దేశంలో వేళ్లూనినది మహారాష్ట్ర గడ్డ మీదనే.

వృత్తి చికిత్స గాయపడినవారికి మాత్రమే పరిమితం కాదు. పుట్టుకతోనే మెదడులోని లోపం వల్ల కాళ్లు చేతులు స్వాధీనంలో లేని పిల్లలు ఉంటారు. దీనిని మస్తిష్క పక్షవాతం అంటారు. అలాంటి బిడ్డ తరగతిలో రాయలేకపోతే మొద్దు అని ముద్ర వేయడం అన్యాయం. పాదాలు నేలకు ఆనే ఎత్తులో కూర్చోబెట్టాలి. బల్లను ఏటవాలుగా ఉంచాలి. పెన్సిలుకు గుడ్డ చుట్టి లావు చేయాలి. అప్పుడు ఆ బిడ్డ గీసిన మొదటి గీత అతనికి ఒక విజయం. ఆటిజం ఉన్న పిల్లలకు కొన్నిసార్లు శబ్దాలు, స్పర్శలు భరించరానివిగా ఉంటాయి. వారికి ఒక పనిని చిన్నచిన్న భాగాలుగా చేసి, బొమ్మల సాయంతో వరుసగా నేర్పుతారు. బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం 1984లో సికిందరాబాదులో ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. అక్కడ ఇలాంటి పిల్లలకు చిన్న వయసులోనే శిక్షణ ఇస్తారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

మనసుకు వచ్చే జబ్బులలోనూ పని మంచి మందు. తీవ్రమైన దిగులుతో ఉన్న మనిషి స్నానం మానేస్తాడు, మాట మానేస్తాడు. వైద్యుడు మందులిస్తాడు. చికిత్సకుడు అతని రోజుకు ఒక క్రమం ఏర్పరుస్తాడు. ఉదయం మొక్కకు నీళ్లు పోయడం వంటి చిన్న పనితో మొదలుపెట్టి మెల్లగా నలుగురి మధ్యకు తీసుకువస్తాడు.

ఇక పెద్దల సంగతి చూద్దాం. పక్షవాతం వచ్చిన నాయనమ్మకు కుడిచేయి లేవదు అనుకోండి. రవికె తొడుక్కునేటప్పుడు చచ్చుబడిన చేతిని ముందుగా దూర్చాలి. విప్పేటప్పుడు బాగున్న చేతిని ముందుగా తీయాలి. ఈ చిన్న కిటుకు తెలిస్తే సగం కష్టం తీరుతుంది. హుక్కుల స్థానంలో అంటుకునే పట్టీ కుట్టించవచ్చు. అంచు ఎత్తుగా ఉన్న పళ్లెం వాడితే మెతుకులు జారిపోవు. చెంచా పిడికి గుడ్డ చుడితే పట్టు దొరుకుతుంది. మన ఇళ్లలో ఎడమచేత్తో అన్నం తినడం తప్పు అంటారు. ఈ పట్టింపు వల్ల ఎందరో ముసలివారు ఒకరు తినిపించే వరకు ఆకలితో ఎదురుచూస్తారు. కుడిచేయి కోలుకునే వరకు ఎడమచేత్తో తిన్నా తప్పులేదని ఇంటివారు అంగీకరిస్తే ఆమె తన ముద్ద తాను తినగలుగుతుంది.

ఇల్లు ఎంత చిన్నదైనా కొన్ని మార్పులు చేయవచ్చు. చాళ్లలోని గదులు ఇరుకు. మరుగుదొడ్డి బయట ఉంటుంది. అయినా గోడకు ఒక ఇనుప కడ్డీ బిగించవచ్చు. స్నానానికి నీళ్లలో జారని స్టూలు వేయవచ్చు. కూర్చునే పలకకు రంధ్రం చేసిన కుర్చీని దొడ్డిలో ఉంచితే గొంతుక్కూర్చోలేనివారికి సుఖం. గడపకు రంగు వేస్తే చూపు ఆననివారు తట్టుకుని పడరు. బకెట్టును సగమే నింపి రెండుసార్లు మోస్తే నొప్పి ఉన్న కీళ్లకు మేలు. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కొంచెం ఆలోచనతో కూడినవి.

ఇక్కడ ఇంటివారు గ్రహించవలసిన ముఖ్య విషయం ఒకటి ఉంది. ప్రేమకొద్దీ మనం రోగితో "నువ్వు కూర్చో, మేము చేస్తాం" అంటాము. అన్నం మనమే తినిపిస్తాము. బట్టలు మనమే కడతాము. అది సేవ అనుకుంటాము. కాని చేయగలిగిన పనిని కూడా చేయనివ్వకపోతే ఆ శక్తి మెల్లగా హరించిపోతుంది. దానితోపాటు "నేను ఎందుకూ పనికిరాను" అనే భావం మనసులో పాతుకుంటుంది. అవసరమైన చోట చేయి అందించాలి. అవసరం లేని చోట ఓపికగా వేచి ఉండాలి. నాయనమ్మ ఒక బొత్తాం పెట్టుకోవడానికి పది నిమిషాలు పడితే ఆ పది నిమిషాలు ఆమెకు ఇవ్వడమే నిజమైన సేవ. జాలి మనిషిని కూర్చోబెడుతుంది. అవకాశం లేపి నిలబెడుతుంది.

వికలాంగులకు చదువులోను, ఉద్యోగంలోను, సంఘంలోను సమాన స్థానం దక్కాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతున్నది. అది 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చట్టం ఇచ్చిన హక్కు అనుభవంలోకి రావాలంటే చికిత్స అందుబాటులో ఉండాలి. ముంబయిలో కె.ఇ.ఎం. ఆసుపత్రితో పాటు సయన్‌లోని లోకమాన్య తిలక్ ఆసుపత్రి, నాయర్ ఆసుపత్రి ఈ విద్యను బోధిస్తున్నాయి. హాజీ అలీ వద్ద 1955లో ఏర్పడిన అఖిల భారత భౌతిక చికిత్స, పునరావాస సంస్థ కూడా ఉంది. 12వ తరగతిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివినవారు ఈ పట్టా కోర్సులో చేరవచ్చు.

భివండి నుండి పరేల్ వెళ్లాలంటే బస్సులోనో ఆటోలోనో థాణే చేరి, అక్కడ లోకల్ బండి ఎక్కాలి. గాయపడిన చేతితో వారం వారం ఈ ప్రయాణం చేయాలంటే ఒక రోజు కూలి పోతుంది. అందువల్లనే చాలామంది చికిత్సను సగంలో మానేస్తారు. మరో అడ్డంకి భాష. చికిత్సకుడు మరాఠీలోనో హిందీలోనో చెప్పిన వ్యాయామం తెలుగు తప్ప మరొకటి రాని పెద్దలకు అర్థం కాదు. అర్థం కాని వ్యాయామం ఇంట్లో సాగదు.

ఈ అడ్డంకిని తొలగించగలిగినవారు తెలుగు బడిలో చదివే పిల్లలే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో మరాఠీ వారికి అలవాటే. ఆసుపత్రికి తోడు వెళ్లి, చికిత్సకుడు చెప్పింది విని, "తాతా, బొటనవేలిని చిటికెన వేలి దాకా తేవాలట. రోజుకు ఇన్నిసార్లు చేయాలట" అని విడమరిచి చెప్పవచ్చు. చిత్తు కాగితం మీద తెలుగులో రాసి గోడకు అంటించవచ్చు. సాయంత్రం పక్కన కూర్చుని లెక్కపెట్టవచ్చు. తాత నూలుపోగుకు మళ్లీ ముడి వేసిన రోజున ఆ విజయంలో మనవడికి కూడా పాలు ఉంటుంది.

పడుగులో ఒక పోగు తెగిందని నేతగాడు మగ్గాన్ని పారవేయడు. ఆపి, తెగిన కొసలు వెదికి, ముడి వేసి, మళ్లీ నేత సాగిస్తాడు. మనిషి జీవితమూ అంతే. తెగిన చోట ముడి వేసుకుని తిరిగి పనిలోకి సాగే దారిని వృత్తి చికిత్స చూపుతుంది.